మా అవ్వ ఫోటో కోసం మాదాపూర్‌కు

నేను రాసుడు గిదే మొదటిసారి. చదివింది ఐదో తరగతి. పెన్ను గూడ సూది వట్టినట్టే పడుతున్న, కాగితం చినుగుతదేమో అని భయమైతున్నది. మా ఊర్లె బ్లౌజు కుట్టిచ్చుకునేతందుకు వచ్చిన ప్రతి ఆడమనిషి "హైటెక్ సిటీ చూసినవట, ఎట్లున్నది భాగ్యక్కా?" అని అడుగుడే. చెప్పి చెప్పి నోరు నొప్పి వెట్టింది. అందుకే రాస్తున్న. పోనోళ్లు చదువుకోన్రి.

అసలు నేను పట్నం చూద్దామని పోలె. మా అవ్వ ఫోటో తెచ్చుకుందామని పోయిన. అవ్వ అంటే నన్ను కన్నతల్లి, మా దిక్కు గట్లనే పిలుస్తం. అవ్వ పోయి రెండేండ్లయింది. ఇంట్ల ఆమెది ఒక్క మంచి ఫోటో లేదు. కెమెరా కనబడితే చాలు కొంగు మొఖానికి అడ్డం పెట్టుకునేది. దినాల నాడు ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దగ చేపిచ్చినం. అండ్ల మా అవ్వ దొంగతనం చేసి దొరికినట్టు ఉంటది. రోజు దానికే దండం వెడుతున్న.

మొన్న మా ఆడిబిడ్డ బిడ్డ అనిత ఫోన్ల ఒక ఫోటో పంపింది. ఆమె మూసాపేటల ఉంటది, మాదాపూర్‌ల ఒక ఆఫీసుల హౌస్ కీపింగ్ చేస్తది. "అత్తా, గీమె మీ అవ్వ లెక్కనే ఉన్నది, చూడు" అన్నది. చూస్తే ఏముంది, అద్దాల బిల్డింగ్ ముంగట మనిషంత బోర్డు, బోర్డు నిండ మా అవ్వ. నవ్వుతున్నది. కొంగు అడ్డం లేదు. కింద ఫోటోల ఎగ్జిబిషన్ అని రాసి, దించినామె పేరు: సుజాత.

సుజాత ఎవరో చెప్తె నా కడుపుమంట మీకు అర్థమైతది. మా చిన్నబాపు బిడ్డ. నాకంటె ఆర్నెల్లు చిన్నది. ఇద్దరం ఒక్క పలకనే పంచుకున్నం. నేను ఐదుల ఆగిన, ఆమె ఆగలె. మండలంల ఫోటో స్టూడియోకు పోయి పెండ్లి ఆల్బంలు దిద్దుడు నేర్చుకున్నది. ఆడికెల్లి పట్నం పోయింది. ముందుగాల ఫోటోలు, తర్వాత సిన్మాలు, ఇప్పుడు నాటకాలు గూడ రాస్తదట. పేపర్ల పడతది, విమానం ఎక్కుతది. ఒక్క మనిషికి మూడు పనులు. నాకు ఒక్కటే కుట్టుమిషిను, అది గూడ దారం తెంపుతది.

మా దిక్కు ఫోటో తీసేటోళ్లను దించిండు అంటం, తీపిచ్చుకునేటోళ్లను దిగిండు అంటం. సుజాత పుట్టినకాడికెల్లి దించేటిదే. నేను దిగేటిదాన్నే.

మూసాపేట

బస్సు దిగి మెట్రో ఎక్కిన. టికెట్ కాగితం పోతదేమో అని నాలుగు మడతలు వెట్టి కొంగున ముడేసుకున్న. దిగినంక గేటు కాడ ఆ కాగితం గీకితె తలుపు తెరుస్తలేదు. నా ఎనుక లైను పెరిగింది. ఒక పిలగాడు మెడల కార్డేసుకొని "ఆంటీ, ముడుతలు పడ్డయ్, జర సాపు చెయ్" అన్నడు. నేను ఆడనే కూసొని మోకాలు మీద పెట్టి ఇస్త్రీ చేసినట్టు రాకిన. తలుపు తెరుచుకున్నది. ఎనుకున్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు. పట్నంల నాకు దొరికిన చప్పట్లు అవే.

అనిత ఇల్లు రెండో అంతస్తుల ఒక్క రూము. ఆమె మొగడు నర్సింగ్ ఆటో నడుపుతడు. నేను సంచి దించంగనే నర్సింగ్ వాసన పట్టిండు.

"అత్తమ్మా, సర్వపిండి తెచ్చినవ్ గదా?"

"నీకు గాదు అల్లుడా. సుజాతకు."

"గామెకు పట్నంల పిజ్జాలు దొరకవా?"

అనిత వాని చేతి మీద ఒక్కటి ఏసింది. నిజం చెప్పాలంటె వాడు అడిగింది నాకు గూడ అర్థం కాలె. సుజాత అంటే నాకు పడదు. అయినా పొద్దుగాల లేసి బియ్యప్పిండిల ఎల్లిపాయలు, నువ్వులు, పల్లీలు ఏసి గంజు గిన్నెకు వత్తి చేసిన. చేసుకుంట తిట్టుకున్న, తిట్టుకుంట చేసిన. నూనె గూడ ఎక్కువనే పోసిన.

మూసాపేటల మంచినీళ్ల డబ్బా కొనాలె. మా ఊర్లె ఎవలింటికి పోయినా అడగకముందే చెంబుతోని నీళ్లిస్తరు. పక్క రూము ఆమె మాత్రం నేనొచ్చినట్టు తెల్వంగనే ఉల్లిగడ్డ పకోడి తెచ్చిచ్చింది. ఒడిశా అట. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు. పకోడి మాత్రం మంచిగున్నది.

మాదాపూర్

తెల్లారి అనిత డ్యూటీకి పోంగ నన్ను ఎంట తీస్కపోయింది. మాదాపూర్‌ల అందరి మెడల పట్టీలు, పట్టీలకు కార్డులు. రోడ్డు దాటేటప్పుడు గూడ ఫోన్ల చూసుకుంటనే దాటుతరు, బండ్లే ఆగాలె. బండి మీద చాయ్ పదిహేను రూపాయలు, రెండు గుక్కలు. మా ఊర్లె గా పైసలకు గిలాస నిండ ఇచ్చి, ఇంట్ల అందరి బాగోగులు గూడ అడుగుతరు.

అనిత వాళ్ల ఆఫీసుకు పోయింది. నేను బోర్డు ముంగట నిలవడ్డ. ఫోన్ల చూసుడు వేరు, నిజంగ చూసుడు వేరు. మా అవ్వ నాకంటె ఎత్తు ఉన్నది. పక్కకెల్లి పోయేటోళ్లు ఒక్కరు గూడ ఆగుతలేరు. నాకు కోపమొచ్చింది. ఒక పిల్ల ఆగి సెల్ఫీ దిగింది, మా అవ్వ పక్కన నిలవడి. అప్పుడు ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

లోపటికి పోతుంటె సెక్యూరిటీ ఆయన ఆపిండు.

"ఏడికమ్మా?"

"లోపటికి."

"కార్డేది?"

"లేదు. గా బోర్డు మీదున్నామె మా అవ్వ."

ఆయన బోర్డు చూసిండు, నా మొఖం చూసిండు, మళ్ల బోర్డు చూసిండు. "ముక్కు గదే ఉన్నది" అన్నడు. "మాది నల్లగొండ దిక్కమ్మా. మా అమ్మను గూడ ఎవలన్న గింత పెద్దగ పెడితె బాగుండు. పో, పో. చెప్పులు ఇడువకు, ఇది గుడి కాదు."

అప్పటికే ఇడిచిన. మళ్ల తొడుక్కున్న.

లోపట చల్లగ ఉన్నది. గోడలన్ని తెల్లగ, ఒక్కొక్క గోడకు దూరం దూరం ఫోటోలు. తాళ్లు కట్టుకొని అద్దాలు తుడిచే మనుషులు, హాస్టల్ డాబా మీద తల ఆరవెట్టుకునే పిల్లలు, కూలగొట్టిన ఒక ఇంటి గోడ, ఒక గొర్రె. అన్ని సుజాత దించినయే. మంచిగున్నయ్. మంచిగలేవు అని రాద్దామనుకున్న గని చేతికి రాలె.

నడిమి గోడకు మా అవ్వ ఉన్నది.

గా ఫోటో సంగతి నాకు తెలుసు. నేను ఇంట్లనే ఉన్న గా రోజు. సుజాత కొత్త కెమెరా తెచ్చుకొని ఊరికొచ్చింది. అవ్వ బయట గద్దె మీద కూసొని బియ్యం ఏరుతున్నది. నేను లోపట మిషిను మీద ఉన్న, పెండ్లి బ్లౌజులు, తల లేపే తీరిక లేదు. "పెద్దమ్మా, ఒక్క ఫోటో దిగు" అన్నది సుజాత. "దిగాల్నా? దిగుమంటే దిగుతున్న, సూడు" అని అవ్వ గద్దె మీదికెల్లి కిందికి దిగింది. ఆమె ఎగతాళి అట్లుండేది. దిగుకుంట ఒక్కసారి గట్టిగ నవ్వింది. గా నవ్వు నేను విన్న. చూడలె. చూసింది సుజాత. ఇప్పుడు మాదాపూర్ మొత్తం చూస్తున్నది.

ఫోటోల అవ్వ ఒక కాలు గద్దె మీద ఉన్నది, ఒక కాలు గాలిల ఉన్నది. చెయ్యి గుంజను పట్టుకున్నది. కొంగు జారింది.

కింద చిన్న అట్ట మీద పేరు రాసి ఉన్నది, "దిగుడు" అని. పక్కకు ఎర్రగ గుండ్రంగ బొట్టు ఉన్నది. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. పట్నపోళ్లయినా, అద్దాల బంగ్లలయినా, సచ్చిపోయిన మనిషని బొట్టు వెట్టిన్రు గదా అనుకున్న. దండం వెట్టిన. పక్కకు తిరిగి చూస్తె కూలిన గోడకు గూడ బొట్టున్నది. గొర్రెకు గూడ ఉన్నది. గొర్రె గూడ సచ్చిపోయిందేమో అనుకున్న.

నా పక్కన ఒక పెద్దామె నిలవడి ఉన్నది, కండ్లద్దాలు, కాటన్ చీర. కాకినాడ దిక్కట, కొడుకు ఈడ పని చేస్తడట.

"ఎంత బాగుందో కదండీ. ఆవిడ కాలు గాల్లో ఉంది చూశారా? జీవితంలో ఒక మెట్టు దిగిపోవడం అన్నమాట" అన్నది.

"కాదమ్మా. ఎగతాళి చేసింది" అన్న. "ఫోటో దిగుమంటే గద్దె దిగింది. మా అవ్వనే."

ఆమె నన్ను చూసి, ఫోటోను చూసి, కండ్లద్దాలు తీసి మరీ నవ్వింది. "అయ్యో, ఇందాకట్నుంచీ నేను ఏదేదో ఆలోచిస్తున్నానండీ! మీ అమ్మగారు భలే మనిషండీ."

నాకు ఆమె మీద ఇష్టం పుట్టింది. "బొట్టు గూడ మంచిగ వెట్టిన్రు" అన్న.

ఆమె నవ్వు ఆగింది. "అది బొట్టు కాదండీ... అమ్ముడైపోయిందని గుర్తు. ఎవరో కొనేసుకున్నారు."

బల్ల కాడ కూసున్న పిల్లను అడిగిన. "సోల్డ్ మేడం" అన్నది. ఎవలకని అడిగితె చెప్పొద్దట. పాపం, మంచినీళ్ల సీసా ఇచ్చింది. నేను తాగలె. మా అవ్వను ఎవలో కొనుక్కున్నరు, ఎవలింట్ల గోడకో కొడతరు, ఆ ఇంట్లోళ్లు రోజు అన్నం తినుకుంట గా నవ్వు చూస్తరు. నేను ఆధార్ కార్డు చూడాలె. సంచిల సర్వపిండి ఉన్నది. ఇయ్యొద్దు అనుకున్న.

నాటకం

సాయంత్రం సుజాత రాసిన నాటకం ఉన్నదని అనిత తీస్కపోతె, ఆ హాలు కాడ సుజాత కనబడ్డది. చుట్టు మంది. జుట్టు పొట్టిగ కత్తిరిచ్చుకున్నది, చేతి రుమాల్ లెక్క ముడుతలు పడ్డ కుర్త ఏసుకున్నది. అయినా అందరు ఆమెనే చూస్తున్నరు. నన్ను చూసి మందిని తోసుకొని ఉరికొచ్చింది.

"అక్కా! ఎప్పుడొచ్చినవే? చెప్పొద్దా?"

"నిన్ననే."

"ఫోటోలు చూసినవా?"

"చూసిన."

నా మొఖం చూసి ఏదో అడుగబోయింది. అంతల ఎవలో మైకు వట్టుకొని "మేడం, టైమయింది" అన్నరు. "రేపు పొద్దుగాల ఖాజాగూడ గుట్టల కాడికి రా అక్కా, షూటింగ్ ఉన్నది, మాట్లాడుకుందం. తప్పకుండ రా" అని నా చెయ్యి ఇడువకుంటనే ఇంకొకలతోని మాట్లాడబట్టింది. నేనే నా చెయ్యి ఇడిపిచ్చుకున్న.

మా దిక్కు ఒగ్గు కథ, భాగోతం అంటే తిని వచ్చి చాపలేసుకొని కూసుంటం. పిలగాండ్లు పండుకుంటరు, పెద్దోళ్లు నడుమ నడుమ "గట్ల కాదు, మళ్ల చెప్పు" అంటరు. ఈడ లేసుడు లేదు, దగ్గుడు గూడ భయమే. నవ్వేటప్పుడు గూడ పక్కోళ్లను చూసి నవ్వుతరు.

నాటకంల ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. ఒకామె ఊర్లె ఉంటది, ఒకామె పోతది. తల్లి ఏసం కట్టినామెకు మా అవ్వ లెక్కనే ముడి, మా అవ్వ లెక్కనే నడుము మీద చెయ్యి. నడిమిట్ల పోయే పిల్ల వచ్చి ఫోటో దిగుమంటది. తల్లి గద్దె మీదికెల్లి దిగి అంటది, "దిగుమంటే దిగుతున్న, సూడు!"

హాలు మొత్తం నవ్వింది. మా ఇంటి ముంగటి మాటకు ఇంత మంది నవ్వుడు. నాకు గర్వంగ లేదు. మా బావిల నీళ్లు వేరేటోళ్లు చేదుకున్నట్టనిపిచ్చింది.

అటెనుక తల్లి ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, ఊకనే నవ్వుతది. లైటు పోతది. అంతే.

నేను చీకట్ల కూసొని గా మాట పెదాలతోని అనుకున్న. ఎందుకంటె మా అవ్వ ఆడ ఊకోలె. నవ్వినంక ఇంకొక మాట అన్నది. మిషిను ఆపి మరీ విన్న నేను. సుజాత రాయలె గా మాట. ఎందుకు రాయలె అని గా రాత్రి శాన సేపు ఆలోచిచ్చిన.

ఖాజాగూడ

నర్సింగ్ ఆటోల పోయినం. పెద్ద పెద్ద రాళ్లు, ఒకదాని మీద ఒకటి ఎవలో పేర్చి పోయినట్టు. రాళ్ల ఎనుక అద్దాల బిల్డింగులు. చెరువు కాడ ఇద్దరు బట్టలు ఉతుకుతున్నరు. మా ఊరిని తెచ్చి పట్నం నడుమ మర్చిపోయిన్రా అనిపిచ్చింది.

సుజాత ఒక ముసలామెను రాయి మీద కూసోవెట్టి సిన్మా తీస్తున్నది. ఆమె వయసుల ఉన్నప్పుడు గా గుట్టల్లనే రాళ్లు కొట్టిందట. ఎంట నలుగురు ఉన్నరు. ఒగలు కెమెరా కాడ, ఒగలు పొడుగు కట్టెకు మైకు కట్టి పట్టుకున్నరు. "సైలెన్స్" అన్నరు. పిట్టల సప్పుడు తప్ప ఏం లేదు. ముసలామె చెప్పవట్టింది.

గప్పుడే నా ఫోన్ మోగింది. పరేషాన్‌ల ఏదో ఒత్తిన, స్పీకర్ ఆన్ అయింది. మా ఆయన గుట్టలన్ని ఇనబడేటట్టు అరిసిండు, "ఏమే, మామిడికాయ తొక్కు ఏడ వెట్టినవ్?"

ముసలామెనే ముందుగాల నవ్వింది. తర్వాత అందరు. మైకు పట్టుకున్నాయన చెవుల మీది డబ్బాలు తీసి "మేడం, తొక్కు ఏడున్నదో చెప్పున్రి, లేకుంటె ఆయన ఫోన్ పెట్టడు" అన్నడు. "ఉట్టి కింద ఉన్నది!" అని చెప్పి పెట్టేసిన. సిగ్గుతోని సచ్చిన.

సుజాత నవ్వుకుంట నా పక్కన రాయి మీదికొచ్చి కూసున్నది. "ఏం తెచ్చినవే సంచిల?"

నాకు ఆగలె. "ఎవలకమ్మినవే మా అవ్వను?"

ఆమె నవ్వు పోయింది. నర్సింగ్ ఆటో తుడుసుడు ఆపిండు.

"బొట్టు చూసినవా?" అన్నది.

"చూసిన. దండం గూడ వెట్టిన. తర్వాత తెలిసింది."

"నీకే అమ్మిన."

"నాకేంది?"

"మొదటిరోజే ఒగాయన ఒచ్చిండు, ఆఫీసుల పెట్టుకుంట ఇయ్యమన్నడు. అమ్ముడువోయింది అన్న. ఎవలు కొన్నరంటె మా అక్క అన్న. ఇగ రోజు ఎవలో ఒగలు అడుగుతున్నరని నేనే బొట్టు వెట్టిన. ఎగ్జిబిషన్ అయినంక ఊరికి తెద్దామనుకున్న."

"గింత సంగతి ఫోన్ల చెప్పొద్దా?"

"ఎన్నిసార్లు చేసిన అక్కా! ఏం చేస్తున్నవంటె, బ్లౌజులున్నయ్ అని పెట్టేస్తివి. పెద్దమ్మ పోయిన నాడు మట్టికి గూడ రాలె నేను. సిన్మా వట్టుకొని వేరే దేశంల ఉంటి. గా కోపం ఉంటదని తెలుసు. ఇగ ఏం మొఖం వెట్టుకొని రావాలె?"

సంచిలకెల్లి సర్వపిండి తీసి ఇచ్చిన. మొన్నటిది, నిన్న ఇయ్యకపోతిని, చెప్పు అడుగు లెక్క అయింది. సుజాత ఇరుగ్గొట్టి నముల్తనే ఉన్నది. "బలే గట్టిగున్నది" అన్నది. "కోపంతోని చేసిన" అన్న. నర్సింగ్ ఎనుకకెల్లి వచ్చి రెండు ముక్కలు తీస్కపోయిండు.

మంట పోయిందని మీరనుకోవద్దు. పోలె. ఇచ్చేటిది ఎప్పుడు ఆమెనే. నేను తీసుకునేదాన్నే. ఫోటో నాదే అని తెల్వంగ గూడ గదే అనిపిచ్చింది.

సుజాత నోట్ల ముక్క మింగి నా దిక్కు తిరిగింది. "అక్కా, ఒకటి అడుగుత. నిన్న నాటకంల, దిగుమంటే దిగుతున్న అన్నది చూసినవ్ గదా, గా రోజు నిజంగ అట్లన్నంక పెద్దమ్మ ఇంకేదో అన్నది. నేను అప్పుడు కెమెరాల ఉన్న, ఇనలె. ఎంత యాది చేసుకున్నా వస్తలేదు. అందుకే ఆడ ఖాళీ ఇడిచిన. నువ్వు లోపటనే ఉంటివి గదా. నీకు ఇనబడ్డదా?"

ఆమె మొఖం చూసిన. పేపర్ల పడే మొఖం కాదు అది. పలక కోసం నా పక్కకు జరిగి కూసున్నప్పటి మొఖం. నా దగ్గర ఉన్నది ఆమెకు కావాలె. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఇదే మొదటిసారి.

"ఇనబడ్డది" అన్న.

"ఏమన్నది?"

చెప్దామని నోరు తెరిచిన. మా అవ్వ గొంతు నా చెవుల్ల ఉన్నది. చెప్తె రేపు హాలు మొత్తం ఇంటది, చప్పట్లు కొడతరు, ఇంకో ఊర్లె గూడ ఆడతరు. నోరు మూసుకున్న.

సుజాత చేతులకంటిన పిండి దులుపుకున్నది. "చెప్పవు గదా?"

"చెప్ప."

"నాకు గూడ చెప్పవా?"

"నువ్వు చూసినవ్ గద. నేను విన్న. ఎవలది వాళ్లదే."

కోపం చేస్తదనుకున్న. ఆమె రాయి మీద ఎనుకకు వాలి ఆకాశం దిక్కు చూసుకుంట నవ్వింది. "పెట్టుకో తల్లీ. దానికి గూడ బొట్టు వెట్టి పెట్టుకో" అన్నది. ఆమె కండ్లల్ల కుళ్లు కనబడ్డది. నాకు తెలుసు గా చూపు, రోజు అద్దంల చూస్తున్న గద. నిజం చెప్తున్న, పట్నంల నేను చూసిన అన్నిట్ల గదే నాకు మంచిగనిపిచ్చింది.

ఇంటికాడ

ఎగ్జిబిషన్ అయినంక సుజాత మాట మీద నిలవడ్డది. అనిత, నర్సింగ్ తెచ్చిచ్చిన్రు, దుప్పట్ల చుట్టి. ఆధార్ ఫోటో తీసేసి గా గోడ మొలకే తగిలిచ్చిన, మిషిను ఎదురుంగ. ఇప్పుడు తల లేపితె అవ్వ దిగుతనే ఉంటది.

ఇంటికొచ్చిన ప్రతొక్కలు అడుగుతున్నరు, "ఎవలు దించిన్రు? ఎంత మంచిగ దించిన్రు!" అని. సుజాత అని చెప్పాలె. చెప్తున్న. చెప్పినప్పుడల్ల దారం తెగుతది.

ఫోటో ఎంట అట్ట గూడ వచ్చింది. దాని మీది ఎర్ర బొట్టు గోరుతోని మెల్లగ ఊడవీకి ఫోటో అద్దం మీద, ఓ మూలకు అంటువెట్టిన. పక్కింటి రాజవ్వ చూసి ముక్కు మీద ఏలేసుకున్నది.

"ఏందే భాగ్యా, మొగడు సచ్చినదానికి బొట్టేంది? అది గూడ మొఖాన కాదు, మూలకు పెట్టినవ్?"

"అది బొట్టు కాదు రాజవ్వా" అన్న. "పట్నంల గిట్ల పెడితె, ఇగ ఇది ఎవ్వలకు ఇయ్యరని అర్థం."

రాజవ్వ ఫోటో దగ్గరికి పోయి కండ్లు చిన్నగ చేసుకొని చూసింది. "మీ అవ్వ ఏదో అంటున్నట్టే ఉన్నది గదనే. ఏమంటున్నది?"

నేను మిషిను తొక్కిన.